టైగర్ లేచి తిరుగుతున్నాడు, అయినా మందు ఆపొద్దు

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. తోటకు కాపలా మా టైగర్. ఊరకుక్కే, నాలుగేళ్లు ఉంటాయి. రాత్రంతా తోట చుట్టూ తిరిగి, పగలు మోటారు స్టార్టర్ గది పక్కన పడుకుంటాడు. ఉగాదికి ముందు ఎరువు కోసం తోటలో గొర్రెల మంద పెట్టించాం. మంద పోయిన నెలకు టైగర్ తిండి మానేశాడు, ఒళ్లు కాలిపోయింది. గొర్రెలకు సూదులేసే ఆయన మూడు రోజులు సూది వేస్తే లేచి తిరిగాడు. ఇరవై రోజులకు మళ్లీ పడిపోయాడు. ఈసారి ముక్కు నుంచి రక్తం కారింది, చిగుళ్లు తెల్లగా ఉన్నాయి. ఒంటి నిండా పిడుదులే. పత్తికి తెచ్చి మిగిలిన మందును నీళ్లలో కలిపి గుడ్డతో తుడుస్తానని మా మామ అంటున్నాడు. పోయినేడు అట్లనే చేశాడట, అప్పుడేం కాలేదట. మా బాబుకు రెండేళ్లు. పసిపిల్లవాడున్న ఇంట్లో రోగం కుక్క వద్దు, ఎక్కడన్నా వదిలేసి రమ్మని మా అత్త పోరుతోంది. మా ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, నువ్వే చూసుకో అన్నాడు. టైగర్ బతుకుతాడా? ఏం పెట్టాలి? బాబుకు ఏమన్నా అంటుకుంటుందా?

జవాబు: బిడ్డా, ముక్కు నుంచి రక్తం అన్న మాట చదివాక ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగడం సరికాదనిపించింది. అందుకే ఆ రోజే ఫోన్ చేసి, ముందు కుక్కను నల్లగొండ తీసుకుపొమ్మన్నాను. ఆటో మాట్లాడుకుని ఆ ఎండలో తీసుకుపోయి రక్తపరీక్ష చేయించావు, మంచి పని చేశావు. నువ్వు పంపిన రిపోర్టు చూశాను. ప్లేట్‌లెట్లు 38 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సుమారు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉంటాయి. డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఏమిటో ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి విడమర్చి చెప్పనక్కర్లేదు. తెల్లకణాలు మరీ అడుగంటలేదు, అదొక ఊరట. అక్కడి డాక్టర్ అనుకున్నదే నేనూ అనుకుంటున్నాను: ఇది పిడుదుల జ్వరం, అందులోనూ ఎర్లీషియా అనే రకం. టైగర్ బతికే అవకాశం బాగానే ఉంది. మిగతా సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఎండాకాలం వచ్చిందంటే మిర్యాలగూడ నుంచి గద్వాల దాకా ఇలాంటి ఉత్తరాలే వస్తాయి.

మొదట, ఒకసారి లేచినవాడు మళ్లీ ఎందుకు పడ్డాడో చూద్దాం. పిడుదు కుక్క రక్తం తాగుతూ ఈ సూక్ష్మజీవిని లోపలికి వదులుతుంది. అది తెల్లకణాల్లో దూరి పెరుగుతుంది. ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తిండి మానడం, నీరసం మొదలవుతాయి. ఊళ్లో ఆయన వేసిన సూది బహుశా టెట్రాసైక్లిన్ జాతి మందే అయివుంటుంది. గొర్రెలకు వాళ్లు ఎక్కువగా వాడేది అదే. ఆ జాతి మందుకు ఈ రోగం లొంగుతుంది, అందుకే టైగర్ లేచాడు. చిక్కంతా అక్కడే ఉంది. సరైన మందు పడితే ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది, మూడో రోజుకు కుక్క గిన్నె నాకుతుంది. ఇంకేముంది, నయమైందని ఇంట్లో అందరూ అనుకుంటారు. కానీ సూక్ష్మజీవి పోదు. ప్లీహంలాంటి చోట్ల నక్కి కూర్చుంటుంది. కొన్ని కుక్కల్లో ఇరవై రోజులకే తిరగబెడుతుంది, కొన్నింటిలో నెలల తరబడి పైకి ఏమీ కనపడదు. చివరికి ఎముకల్లో మూలుగ దెబ్బతిని, రక్తం తయారవడమే ఆగిపోయే దశ వస్తుంది. ఆ దశకు చేరిన కుక్కను నిలబెట్టడం చాలా కష్టం. టైగర్ ఇంకా అంతదూరం పోలేదు.

ఇది నాకు పుస్తకాల్లోంచి వచ్చిన జ్ఞానమొక్కటే కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లో జూలీ అనే కుక్క ఉండేది. దానికి ఇదే జ్వరం వచ్చింది. మందు మొదలుపెట్టిన వారానికే గేటు దూకి తిరుగుతుంటే చూసి, పదో రోజున ఆపేశాను. పొద్దున లేస్తే క్యాంపులకు పోవడం, రాత్రికి రావడం, గోలీ మింగించడం మా ఆవిడకు ఇబ్బంది, అదీ నేను చెప్పుకున్న సాకు. నాలుగు నెలల తర్వాత దాని పొట్ట కింద చర్మం మీద ఎర్రటి మచ్చలు లేచాయి, లోపల రక్తం కారుతోందన్న గుర్తు. పదిమంది కుక్కలకు వైద్యం చెప్పేవాణ్ణి, నా కుక్కను కాపాడుకోలేకపోయాను. అందుకే మందు వాడాల్సింది 28 రోజులంటే 28 రోజులే అని ఇంత గట్టిగా చెబుతున్నాను. గోడ మీద క్యాలెండర్‌లో రోజుకొక గీత పెట్టుకో. మీ మామతోనే పెట్టించు, ఆయనకూ బాధ్యత ఉన్నట్టుంటుంది.

మీకు రాసిచ్చింది డాక్సీసైక్లిన్. మామూలుగా కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. టైగర్‌ను తూకం వేసే రాశారు కాబట్టి అందులో నువ్వు మార్చాల్సిందేమీ లేదు. ఖరీదైన మందు కూడా కాదు. ఇచ్చే పద్ధతిలోనే పొరపాట్లు జరుగుతాయి. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటాడు, కాబట్టి కొంచెం తిన్నాకే ఇవ్వాలి. గోలీని పొడిగా గొంతులోకి నెట్టి వదిలేయకు. అది అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. ఉడికించిన కార్జం ముక్కలోనో, ఉడకబెట్టిన గుడ్డులోనో పెట్టి ఇచ్చి, వెనకాలే నీళ్లు తాగేలా చూడు. పాలలో కలపొద్దు, పాలతో ఈ మందు సరిగా ఒంటబట్టదు. ఒక పూట కక్కేశాడని మానేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేసి అడుగు. రెండు వారాలకు ఒకసారి, మందు అయిపోయాక ఇంకోసారి రక్తపరీక్ష చేయించాలి. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని ఎవరైనా బొప్పాయి ఆకు రసం పోయమంటారు. నాకైతే దాని మీద నమ్మకం లేదు. వద్దంటున్న కుక్క నోట్లో బలవంతంగా పోసిన రసం ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక కొత్త రోగం.

జ్వరానికి ఇంట్లో ఉన్న గోలీలు మాత్రం వేయొద్దు. మనం ఒళ్లునొప్పులకు వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రక్తం గడ్డకట్టే శక్తే తగ్గి ఉన్న టైగర్‌కు అవి మరీ ప్రమాదం. మూత్రం బ్లాక్ టీ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, రక్తం మళ్లీ కారినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా బయల్దేరు. పిడుదులతోనే వచ్చే బబీసియా అనే ఇంకో రోగం కూడా తోడై ఉండొచ్చు, దానికి వేరే ఇంజక్షన్ ఉంది. రక్తం ఎక్కించేదాకా వస్తే రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పొమ్మంటారు.

ఇక మీ మామ చేతిలోని సీసా గురించి. ఫోన్‌లో నువ్వు ఆ మాట చెప్పినప్పుడు ఎక్కువ భయపడింది దానికే. పోయినేడు ఏం కాలేదంటే అది అదృష్టం, మందు మంచితనం కాదు. పత్తి మీద కొట్టే మందుల్లో చాలావాటికి మన నల్లగొండ పల్లెల్లో ఉన్న పేరు ఏమిటో నీకు తెలుసు. మనిషిని ఏ దారిన చంపుతాయో కుక్కనూ అదే దారిన చంపుతాయి. పైగా కుక్కకు ఒళ్లు నాకే అలవాటు. చర్మంలోంచి సగం, నాలుక మీదుగా సగం లోపలికి పోతుంది. పిడుదులు కొరికిన చర్మం గాయాలతో ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా పోతుంది. నోట్లోంచి నురగలాగా చొంగ కారడం, కండలు అదరడం, కంటిపాపలు సూదిమొనంతగా ముడుచుకుపోవడం, ఎగశ్వాస, ఇవన్నీ గంటల్లోనే మొదలవుతాయి. దేవరకొండ వైపు పనిచేసినప్పుడు పత్తి సీజన్‌లో ఇలాంటి కుక్కలను నెలకు రెండు మూడైనా తెచ్చేవారు. తెచ్చేవాళ్లంతా చెప్పేది ఒకటే: "పిడుదులు పోవాలని రాసినం సారూ." పిడుదులు పోయేవి, కుక్కా పోయేది.

ఒకవేళ ఎవరైనా ఇప్పటికే రాసి ఉంటే, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, సబ్బుతో కుక్కను బాగా కడిగి, ఆ సీసాను కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. సీసా మీద పేరు చూస్తే విరుగుడు ఏమిటో డాక్టర్‌కు అర్థమవుతుంది. చాలావాటికి విరుగుడుగా అట్రోపిన్ వాడతారు. కిరోసిన్, వాడేసిన ఇంజనాయిలు, పొగాకు నీళ్లు, ఇవి కూడా కుక్క ఒంటికి రాయకూడనివే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరంతా టైగర్ ఒంటి మీది పిడుదులనే చూస్తున్నారు. నేనైతే స్టార్టర్ గది గోడను చూడమంటాను.

బాగా రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదును అరచేతిలో పెట్టుకుని చూశావా? అచ్చం ఆముదపు గింజ. ఆముదం చెట్టుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు పిడుదు అనే అర్థం. మన మహబూబ్‌నగర్, నల్లగొండ చెల్కల్లో ఆముదం పండించిన వాళ్లకు ఈ పోలిక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఉబ్బిన పిడుదు కుక్క మీద గుడ్లు పెట్టదు. కిందికి రాలి, పాకుకుంటూ గోడ ఎక్కి, రాళ్ల సందులోనో పెచ్చులూడిన చోటో దూరి వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. పిల్ల పిడుదు కుక్కను పట్టుకుని రక్తం తాగి మళ్లీ కిందికి దిగుతుంది, గోడలో పొర విడిచి పెరుగుతుంది. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దిగుతుంది. పెద్దదయ్యేలోపు ఇలా దిగుడూ ఎక్కుడూ తప్పదు. ఏ రోజు లెక్కపెట్టినా కుక్క మీద ఉండేవి కొన్నే, గోడలో ఉండేవే ఎక్కువ. వేడి బాగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద పిడుదు కావడానికి సుమారు రెండు నెలలు చాలు. రక్తం దొరక్కపోతే నెలల తరబడి ఆకలితోనే కాచుకుని కూర్చుంటాయి.

కాబట్టి టైగర్‌ను ఎంత శుభ్రం చేసినా అదే గోడ పక్కన పడుకోబెడితే వారంలో మళ్లీ మొదటికే వస్తుంది. ఈ రోగం ఒకసారి వచ్చి తగ్గితే ఇక రాదనేమీ లేదు, దీనికి టీకా కూడా లేదు. గది గోడల సందులన్నీ సిమెంటుతో పూడ్పించు. పైన సున్నం కొట్టించు. టైగర్ పడుకునే గోనెసంచి కాల్చెయ్. కొత్తది వేసినా వారానికోసారి మరిగే నీళ్లలో ముంచి ఎండలో ఆరెయ్యి. మూలన పోగేసిన పాత డ్రిప్పు పైపులు, ఊడిన రేకులు, చెత్తాచెదారం తీసెయ్. గోడలకు కొట్టే మందు ఏదో పశువుల డాక్టర్‌నే అడుగు. కొట్టిన రోజు టైగర్, బాబు ఇద్దరూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. రెండు మూడు వారాలు ఆగి రెండోసారి కొట్టాలి, గుడ్లలోంచి వచ్చినవి అప్పుడు దొరుకుతాయి. పగలు పడుకునే చోటు కూడా మార్చు. గోడకు దూరంగా బత్తాయి చెట్టు కింద నులక మంచం వేసినా సరే.

మీ తోటలోకి ఇన్ని పిడుదులు ఎక్కడివని ఫోన్‌లో అడిగావు. గొర్రెల మీద నింద వేయకు. టైగర్ మీద ఉన్నది ఎక్కువగా కుక్కల మీదే బతికే గోధుమరంగు పిడుదు. మందతో పాటు కాపలా కుక్కలు వచ్చి ఉంటాయి కదా. అవి పది ఊళ్లు తిరుగుతాయి, నాలుగు రాత్రులు నీ స్టార్టర్ గది పక్కనే పడుకుంటాయి. నా అనుమానం వాటి మీదే. అట్లని మంద పెట్టించడం మానొద్దు, ఆ ఎరువు మళ్లీ రాదు. వచ్చే ఏడు మంద రావడానికి వారం ముందే టైగర్‌కు పిడుదుల మందు వేయించు.

మందలోని వాళ్లందరూ అజాగ్రత్తగా ఉంటారని కూడా అనుకోకు. అచ్చంపేట దగ్గర ఒక కురుమ పెద్దాయనను చూశాను. పొద్దుగూకేవేళ కంబడి పరచుకుని కూర్చుని, తన రెండు కుక్కలను ఒక్కొక్కటిగా ఒళ్లో పడుకోబెట్టుకునేవాడు. చెవి మడత లోపల, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో, కాలివేళ్ల సందుల్లో వేలితో తడిమేవాడు. దొరికిన ప్రతిదాన్నీ సీసా మూతలో పోసిన కిరోసిన్‌లో వేసేవాడు. బీడీ తాగినంతసేపు పట్టేది. నువ్వూ అట్లనే చెయ్యి. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నేరుగా లాగు. గోళ్లతో చిదమొద్దు, అగరుబత్తితో కాల్చొద్దు. కిరోసిన్ మూతలోనే ఉండాలి, కుక్క మీద కాదు. ప్లేట్‌లెట్లు పెరిగేదాకా గట్టిగా పీకి గాయం చేయకు, రక్తం ఆగకపోవచ్చు. మెడ మీద చుక్కలుగా పోసే మందులు, నెలకోసారి తినిపించే గోలీలు, మూడు నెలల దాకా పనిచేసే గోలీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. గోలీలు ఖరీదే. అయినా తోటలో తిరిగే కుక్కకు స్నానం చేయించే మందుకన్నా అవే మేలని నా అభిప్రాయం. ఫిట్స్ వచ్చే కుక్కలకు మాత్రం ఆ గోలీలు డాక్టర్‌ను అడక్కుండా వేయకూడదు. టైగర్‌కు ఏది, ఎప్పుడు మొదలుపెట్టాలో చూసే డాక్టరే చెప్పాలి.

మీ అత్త మాటను కొట్టిపారేయను. పసిపిల్లవాడున్న ఇల్లు, ఆమె భయం ఆమెది. ఈ జ్వరం టైగర్‌ను ముట్టుకుంటే బాబుకు అంటదు. నాకినా, పక్కన పడుకున్నా రాదు. పిడుదు కరిస్తే మాత్రం మనుషులకు వేరే రకం జ్వరాలు వచ్చే వీలుంది. అందుకే పిడుదులు పోయేదాకా బాబును టైగర్ దగ్గర ఆడనివ్వకు. తోటకు పోయి వచ్చాక బాబు తల వెనక, చెవుల వెనక ఒకసారి చూడు. జ్వరం వచ్చి ఒంటి మీద దద్దుర్లు లేస్తే, పిడుదు కరిచిన సంగతి పిల్లల డాక్టర్‌కు తప్పక చెప్పు. మీ అత్త ఎవరూ చెప్పకుండానే భయపడాల్సింది ఇంకోటి ఉంది, నులిపురుగులు. కుక్క మలంలోని గుడ్లు మట్టిలో కలుస్తాయి. మట్టిలో ఆడి నోట్లో వేలు పెట్టుకునే పిల్లల కడుపులోకి పోతాయి. టైగర్‌కు మూడు నెలలకోసారి నట్టల మందు వేయిస్తే ఆ బాధ తగ్గుతుంది.

ఎక్కడన్నా వదిలేసి రావడం గురించి మాత్రం ఆమెతో నేనే మాట్లాడతాను, ఫోన్ ఇవ్వు. రోగంతో ఉన్న కుక్కను పక్క ఊరి పొలిమేరలో దింపితే దానితో పాటు పిడుదులనూ పంచినట్టే. నాలుగేళ్లు రాత్రిళ్లు మేలుకుని బత్తాయిలు కాచిన జీవిని కాయలు కోసే ముందు వెళ్లగొట్టడం ఏం లెక్కో కూడా అడుగుతాను.

తిండి గురించి ఒకటే చెబుతాను. మజ్జిగ పోసిన జొన్న గట్కతో మన దగ్గర కుక్కలు తరతరాలుగా బతికాయి, అందులో తప్పేం లేదు. కానీ రక్తం పోయిన కుక్కకు అదొక్కటే చాలదు. రోజుకు రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఎముక లేని చికెన్ ఉడికించి అన్నంలో కలిపి పెట్టు. కార్జం వారానికి రెండు మూడుసార్లు కొద్దిగా పెట్టు, రోజూ గిన్నె నిండా మాత్రం వద్దు. ఒకేసారి తినలేడు, నాలుగుసార్లుగా కొంచెం కొంచెం పెట్టు. మిగిలిన కూర, పప్పుచారు పోయకు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క ఎర్రకణాలను పగలగొడతాయి. రక్తం తక్కువై చిగుళ్లు తెల్లబడ్డ టైగర్‌కు ఇప్పుడు ఆ పులుసు పోస్తే ఉన్నది కూడా పోతుంది. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి, అవీ వద్దు.

ఇప్పుడు మన దగ్గర ఎండ 44 దాటుతోంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడమే దాని ఫ్యాను. రక్తం తక్కువైన కుక్కకు అదీ బరువే. పదకొండు నుంచి నాలుగు దాకా గొలుసు వేసి కట్టేయకు. పశువులు తాగే తొట్టి ఎత్తుగా ఉంటుంది, వాడు అందుకోలేడు. మట్టి గిన్నెలో వేరుగా నీళ్లు పెట్టి రోజుకు రెండుసార్లు మార్చు. ఒళ్లు మరీ కాలిపోయి తూలుతుంటే ఐసు నీళ్లు పోయకు, మామూలు నీళ్లతో పొట్ట, కాళ్లు తడిపి గాలి విసురు, తర్వాత ఆసుపత్రికి తీసుకుపో.

టీకా సంగతి ఫోన్‌లో అడగడం మరిచాను. చిన్నప్పుడు ఒకసారి వేయించి ఊరుకుని ఉంటే టైగర్‌కు రేబిస్ టీకా ఏటా పడాలి. ఇప్పుడు ఒంట్లో బాగాలేదు కాబట్టి తొందరపడొద్దు. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. అప్పటికి 28 గీతలూ అయిపోతాయి, రెండో రక్తపరీక్షా వచ్చి ఉంటుంది. ఆ రిపోర్టు చూపించి, సరేనంటే అదే రోజు వేయించు. బాబును మాత్రం మీ అత్త దగ్గర వదిలి పో. ఆ రోజు ఆసుపత్రి ముందు చుట్టుపక్కల ఊళ్ల కుక్కలన్నీ ఉంటాయి.